వంట ఎవరు చేస్తారు?

మా వాటర్లూ ఇంటి వెనక గోంగూర కుండీలున్నాయి. ఈ చలిదేశంలో ఎండ ఉన్నన్నాళ్లే వాటి భోగం. ఆకు కోసినప్పుడల్లా మా ఆవిడకి బర్మాలో మేమున్న ఇల్లు గుర్తొస్తుంది. ఆమెకి గుర్తొచ్చాక నాకు రాకుండా ఎలా ఉంటుంది, పక్కన కూర్చుని కాడలు తుంచేది నేనే కదా!

కొన్నేళ్ల క్రితం ఇండియా వెళ్తూ దారిలో బర్మా చూద్దామనుకున్నాం. మా అమ్మమ్మ కాలంలో బతుకుతెరువు కోసం ‘రంగం’ వెళ్లినవాళ్ల కథలు వింటూ పెరిగినవాణ్ణి. రంగూన్ అంటే నాకు ఇప్పటికీ రంగమే. అక్కడ సరస్సు పక్కన ఒక హోటల్ నచ్చి, ఆఫీసులో లంచ్ టైములోనే బుక్ చేసేశాను. సాయంత్రానికల్లా మా ఆవిడ దాన్ని క్యాన్సిల్ చేసేసింది.

“అది ఎవరిదో కనుక్కున్నారా? సైన్యం ఏలే దేశమండీ అది. పెద్ద హోటళ్ల వెనక వాళ్ల మనుషులే ఉంటారట. మనం ఇచ్చే డబ్బుతో వాళ్లు తుపాకులు కొనుక్కుంటారు. నేను రాను.”

“అయితే అసలు వెళ్లడమే మానేద్దాం.”

“మరి ఇంట్లో ఓ గది అద్దెకిచ్చుకుని బతికేవాళ్ల సంగతేంటి? అలాంటి ఇల్లే వెతుకుదాం.”

ఆ వెతకడం అంతా ఇంతా కాదు. వెబ్‌సైట్‌లో పూలు, దిండ్లు, నవ్వు ముఖాలు కనిపిస్తాయి గానీ యజమాని ఎవరో కనిపించడు. అందుకని ఆమె ఓ ఉపాయం కనిపెట్టింది. ఫోన్ చేసి, గది ఊసే ఎత్తకుండా, “వంట ఎవరు చేస్తారు?” అని అడిగేది. “మేనేజర్ చెప్తారు” అంటే పెట్టేసేది. “మా షెఫ్” అన్నా అంతే. నాకు ఒళ్లు మండిపోయింది. పెళ్లిచూపుల్లో నన్ను కూడా ఇంత ఆరా తీయలేదు మహాతల్లి.

చివరికి ఒకరోజు ఫోన్లో ఒక పెద్దావిడ, వచ్చీరాని ఇంగ్లీషులో, “నేనే వండుతాను. ఎందుకు? మీరేం తినరు?” అని గద్దించింది. మా ఆవిడ ముఖం వెలిగిపోయింది.

అది పాత చెక్క ఇల్లు. కింద ఆవిడ, పైన మేము. మొదటి పూట భోజనానికి దిగుతుంటే మెట్ల మీదే పుల్లటి వాసన తగిలి ఇద్దరం ఆగిపోయాం. గోంగూర! వెదురు చిగుళ్లూ ఎండురొయ్యలూ వేసి వేయించింది. మా అమ్మ పోయాక ఎండురొయ్యల గోంగూర అంత బాగా నాకు ఎవరూ పెట్టలేదు. ఆ మాట మా ఆవిడ ముందే అనేశాను కూడా. ఆమె ఏమీ అనుకోలేదు, మారు వడ్డించుకునే పనిలో ఉంది.

ఇంటి పెద్దావిడకి మా మీద గురి కుదరడానికి రెండు రోజులు పట్టింది. తర్వాత వంటింట్లో ఆకు దూస్తూ చెప్పింది. పక్క స్థలాన్ని ఒక సైన్యాధికారి బంధువు కొన్నాడట. ఇప్పుడు ఈ ఇల్లు కూడా కావాలని మనిషిని పంపుతున్నాడట. “పైన గదిలో అతిథులు ఉన్నంతకాలం నన్ను కదపడం కష్టం. ఖాళీగా కనిపిస్తే తీసేసుకుంటారు,” అంది.

వచ్చేసే రోజు, నెట్‌లో రాద్దామని ఆవిడ ఫొటో తీయబోయాను. ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టింది. “నన్ను పొగడకండి. ఎవరి కళ్లలోనూ పడకూడదు. నచ్చితే మనిషికి మనిషి చెప్పండి చాలు.”

అలాగే చేశాం. మా ఆవిడ ఆ నంబరు ఏ వాట్సాప్ గ్రూపులోనూ పెట్టలేదు. నమ్మకమున్నవాళ్లకి నోటితో చెప్పేది. వాళ్లు తిరిగొచ్చాక ప్రయాణం ఎలా జరిగిందని కూడా అడగదు, “ఆవిడే వండిందా?” అంటుంది. ఆవిడే వండిందంటే ఆ పూట మా ఇంట్లో పండగ. తర్వాత అక్కడ గొడవలు ముదిరాయి. మావాళ్లెవరూ అటు వెళ్లలేదు.

మొన్న వేసవిలో దగ్గర్లోని వాన్ అనే ఊరి నుంచి స్నేహితురాలు ఒకామె భోజనానికి వచ్చింది. వరంగల్ అమ్మాయి. “అక్కా, రంగూన్‌ల రెండ్రోజులు ఆగుతున్నం. మీరు చెప్పే ఆ ఇంటి నంబర్ ఇస్తరా?” అంది.

“ఉండు, నేనే మాట్లాడతా.” మా ఆవిడ స్టవ్ కట్టేసి, చేతులు తుడుచుకుని, స్పీకర్ పెట్టింది. మాకు సాయంత్రం, వాళ్లకి తెల్లారిన వేళ. ఆవిడ పొయ్యి దగ్గరే ఉండాలి.

ఒక మగగొంతు గుడ్ మార్నింగ్ చెప్పింది. చక్కని ఇంగ్లీషు.

“వంట ఎవరు చేస్తారు?”

“మాకు మంచి షెఫ్ ఉన్నారు మేడమ్. ఎన్ని రాత్రులకి కావాలి?”

ఎప్పటిలా ఆమె ఫోన్ పెట్టేయలేదు. “అక్కడొక పెద్దావిడ ఉండేవారు, ఆ ఇల్లు ఆవిడదే...”

“అలాంటివాళ్లెవరూ లేరు మేడమ్.”

స్నేహితురాలు మా ఇద్దరి ముఖాలూ చూసి, “పోనీలే అక్కా, ఏదో ఒక హోటల్ చూసుకుంటం,” అంది.

“వద్దు. ఇంకో ఇల్లు దొరక్కపోదు.” మా ఆవిడ కాసేపు వెతికి వేరే నంబరు నొక్కింది. అవతల ఎవరో ఎత్తారు. ఆమె ఫోన్ నా వైపు జరిపి, వెళ్లి స్టవ్ వెలిగించింది. ఫోన్ నేను అందుకుని, వంట ఎవరు చేస్తారని అడిగాను.