కొట్టేసిన రెండు వరుసలు

అరవైల్లో ఒక కరువేడు. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. గుంతకల్లు స్టేషనులో నా పక్క బెంచీ మీద ఒక పెద్దాయన కాగితం చూసుకుంటూ గొణుక్కుంటున్నాడు.

"ఏం సారూ, కోర్టు పనా?" అన్నాను.

నవ్వాడు. "కాదమ్మా, ఆటల పని. మూడు కాలేజీలతో మా ఆటల సంఘం పెట్టినాము, ఇప్పుడు పదకొండైనాయి. దానికి అధ్యక్షుడిని నేనే. ఆడపిల్లల కాలేజీ కూడా పరుగుపందేలకు వస్తామని ఆరేండ్లుగా అడుగుతాండాది. ఈ పొద్దు మీటింగులో తేల్చల్ల. వద్దని రాసుకున్నా. ఈ ఎండలో, చీరలు కట్టుకొని యాడ పరిగెత్తుతారు?"

"మా ఊరి బావిలో తెల్లారేసరికి పది బిందెల నీళ్లే ఊరుతాయి సారూ. ముందు పోయినోళ్లకే దక్కేది. ఏడో నెల కడుపుతో, చీర ఎగ్గట్టి పరిగెత్తినా. ఆ పొద్దు వద్దన్నోడు ఒక్కడూ లేడు."

ఆయన నవ్వు ఆగిపోయింది. "నీళ్లు దొరికినాయా?" అన్నాడు.

"దొరక్కపోతే పిల్లోళ్లు ఏం తాగుతారు?"

జేబులోంచి పెన్ను తీసి, కాగితంలో రెండు వరుసలు అడ్డంగా కొట్టేశాడు.

"ఆరేండ్లు వాళ్లను ఆపింది నేనేనమ్మా," అన్నాడు. అంతలో బండి వస్తే ఎక్కి వెళ్లిపోయాడు.

ఆ మీటింగులో ఏం తేలిందో నాకు తెలియదు. నలభై దాటాక రాయడం నేర్చుకున్నాను. నా చేత్తో రాసిన మాట తప్పని తెలిసినా, దాని మీద గీత పెట్టడానికి చెయ్యి ఎంత మొరాయిస్తుందో అప్పుడు తెలిసింది.