మేస్త్రి వాక్యాలు, బావమరిది దర్శనాలు

ఆ టైలరు మేస్త్రి దగ్గర చొక్కా కుట్టించుకోవాలంటే గుడ్డతో పాటు ఓపిక కూడా వెంట తెచ్చుకోవాలి. టేపు మెడలో వేసుకుని, సుద్దముక్క చెవి మీద పెట్టుకుని, భుజం కొలత తీసేలోపే అధ్యాయం, వచనం సంఖ్యతో సహా ఒక బైబిలు వాక్యం వదిలేవాడు. ఛాతీ దగ్గరికి వచ్చేసరికి రెండోది. చేతులు బార్లా చాపి నిలబడ్డ మనిషి ఎక్కడికి పోతాడు పాపం, వినేవాడు. వీధిలో అందరూ ఆయన్ని రిఫరెన్సు మేస్త్రి అనేవాళ్లు. అది ఎగతాళి అని ఆయనకు తట్టలేదు. బిరుదు అనుకున్నాడు.

ఉన్నమాట చెప్పుకోవాలి, బైబిలు ఆయనకు కొట్టిన పిండి. ఏ ప్రవక్త ఎవరి కొడుకో, ఏ రాజు ఎన్నేళ్లు ఏలాడో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. సంఘంలో క్విజ్ పెడితే మిగతావాళ్లు రెండో బహుమతి కోసమే వచ్చేవాళ్లు. ఎదురింటావిడ భర్త పోయినప్పుడు పరామర్శకు వెళ్లి, పునరుత్థానం మీద ఉన్న వచనాలన్నీ వరసగా అప్పజెప్పి, అయినా ఆవిడ ఏడుపు ఆపకపోయేసరికి విశ్వాసం చాలలేదని తేల్చి వచ్చాడు. మనిషి చెడ్డవాడేం కాదు. దుఃఖం అప్పటిదాకా ఆయన గుమ్మం ఎక్కలేదు, అంతే.

ఇక ఆయన బావమరిది ఉన్నాడు. సంఘంలో ఆ మహానుభావుడి పేరు దర్శనాలు. పుస్తకం తెరిచిన పాపాన పోలేదు. ప్రభువు నేరుగా తనతోనే మాట్లాడుతుంటే మధ్యలో పుస్తకం ఎందుకండీ? ఏ ఉద్యోగం మానెయ్యాలో, ఏ పూట ఎవరింట్లో భోంచెయ్యాలో అన్నీ ఆయనకు పైనుంచే తెలిసేవి. చిత్రమేమిటంటే, పనికి పొమ్మని మాత్రం పైనుంచి ఒక్కసారీ కబురు రాలేదు. ఈయనగారికి ఆధారం లేదని మేస్త్రి, మేస్త్రికి అనుభవం లేదని ఈయనగారు ఒకే బల్ల దగ్గర కూర్చుని దెబ్బలాడుకునేవాళ్లు. ఇద్దరికీ వడ్డించేది మేస్త్రి భార్య. ఆవిడ రోజూ కాసేపు బైబిలు చదువుకునేది. తర్వాత కాజాలు కుడుతూ, బొత్తాలు పెడుతూ, పక్కనున్న మనిషితో మాట్లాడినట్టే దేవుడితో మాట్లాడుకునేది.

అలాంటి మనిషికి రొమ్ములో గడ్డ వచ్చింది. ఈ నెలలోపే ఆపరేషన్ చేసి తీసెయ్యాలని, ఆలస్యం చేస్తే మనిషి దక్కదని డాక్టరమ్మ మొహం మీదే చెప్పింది.

మామూలు ఇల్లయితే మర్నాడే ఆసుపత్రికి బయల్దేరేవాళ్లు. ఇక్కడ ఇద్దరు పండితులున్నారు కదా, చర్చ మొదలైంది. తనకు తెల్లటి వెలుగు కనిపించిందనీ, అక్కకు స్వస్థత అయిపోయిందనీ, ఇక కత్తి పెట్టిస్తే అది అవిశ్వాసమనీ దర్శనాలు ప్రకటించాడు. మేస్త్రి ఊరుకుంటాడా? రోగులకు వైద్యుడు కావాలని ప్రభువే అన్నాడని చోటు తీసి చూపించాడు. అక్కడితో ఆగితే బాగుండేది. వైద్యుల్నే నమ్ముకుని పోయిన రాజొకడు గుర్తొచ్చి, నిజాయితీ తన్నుకొచ్చి, ఆ వచనం కూడా తనే చదివేశాడు. తన కేసు తనే ఓడగొట్టుకునే ప్లీడరు ఎక్కడైనా ఉంటాడా? ఉన్నాడు. రెండు వారాలు అలాగే గడిచాయి. గడ్డ మాత్రం వీళ్ల తీర్పు కోసం ఆగలేదు.

చివరికి ఇద్దరూ ఒక రాజీకి వచ్చారు. ప్రార్థన చేసి, కళ్లు మూసుకుని గ్రంథం తెరిచి, వేలు ఎక్కడ పడితే అదే దేవుడి జవాబు. వాక్యమూ ఉంది, దర్శనమూ ఉంది, ఇద్దరికీ గౌరవం దక్కింది. మేస్త్రి వేలు పెట్టాడు. కళ్లు తెరిచి చూస్తే గుడారానికి తెరలు ఎలా కుట్టాలో చెప్పే చోటు: ఎంత పొడుగు, ఎంత వెడల్పు, ఎన్ని గుండీలు.

మేస్త్రి మొహం వెలిగిపోయింది. కుట్టుపని ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? గుడ్డ కత్తిరించకుండా తెర కాదు కాబట్టి ఆపరేషన్‌కు అనుమతి ఉన్నట్టే అన్నాడు. ఇక్కడ తెరల్ని కలపమన్నాడే గానీ కొయ్యమనలేదని బావమరిది అడ్డం తగిలాడు. అంచు మడతకు ఎంత గుడ్డ వదలాలన్న దాకా వెళ్లింది వాదన. తలుపు దగ్గర నిలబడి వింటున్న ఆవిడకు ఒళ్లు మండింది.

"తెరలు మీరిద్దరూ కుట్టుకోండి," అంది. "నేను రేపు పొద్దున్నే ఆసుపత్రికి పోతున్నా. దేవుడు డాక్టరమ్మ నోటితో చెప్పింది నాకు అర్థమైంది."

మర్నాడు ఆసుపత్రిలో చేర్చుకున్నారు. ఆపరేషన్ రోజున లోపలికి తీసుకెళ్లేముందు మేస్త్రి మంచం పక్కన నిలబడి, గొంతు సవరించుకుని, గుర్తు పెట్టుకున్న పేజీ తెరిచాడు. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

"వాక్యం వద్దనను. అందులోనే ఉందిగా, సిలువకు ముందు రాత్రి ప్రభువు కూడా తోటలో భయపడ్డాడు. కాసేపు నాతో మెలకువగా ఉండండని స్నేహితుల్ని అడిగాడు. నేనూ అదే అడుగుతున్నానండీ. ఈ రెండు వారాల్లో ఒక్కసారైనా నా పక్కన కూర్చున్నారా?"

ఆ భాగం మేస్త్రి ఆదివారం బడి పిల్లలకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. ప్రభువు ఎంతమందిని వెంట తీసుకెళ్లాడు, వాళ్లు ఎన్నిసార్లు నిద్రపోయారు, ప్రశ్నకు ఒక మార్కు. ఆయన వాళ్లను ఎందుకు రమ్మన్నాడో మాత్రం ఎవర్నీ అడగలేదు, తనూ ఆలోచించలేదు. నిద్రపోయినవాళ్లను తిట్టిపోస్తూ ఇన్నేళ్లు గడిపిన పెద్దమనిషికి, తనూ వాళ్ల పక్కనే పడుకుని ఉన్నానని ఇప్పుడు తెలిసింది. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. పుస్తకం మూసి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"నాకూ భయంగా ఉందే," అన్నాడు.

"ఆ మాటే ప్రభువుకు చెప్పండి."

చెప్పాడు. అధ్యాయం లేదు, సంఖ్య లేదు. ఏడుపులో సగం మాటలు మునిగిపోయాయి. ఆయన జీవితం మొత్తంలో అదే మొదటి ప్రార్థన అంటే పాపం కాదేమో.

గడ్డ మొత్తం తీసేశామని, ప్రాణభయం లేదని సాయంత్రం డాక్టరమ్మ వచ్చి చెప్పింది. వరండాలో దర్శనాలు వెంటనే ఛాతీ విరుచుకుని, నేను ముందే చెప్పలేదా బావా, స్వస్థత అయిపోయిందని, అన్నాడు. దానికి తగిన వచనం మేస్త్రి నాలుక చివరిదాకా వచ్చింది, మహా పదునైనది. మింగేసి లోపలికి వెళ్లాడు.

చీకటి పడుతుండగా ఆవిడ మత్తులోంచి కాస్త కదిలింది. కళ్లు తెరవలేక చెయ్యి చాపి తడుముకుంటూ, ఎవరు అని అడిగింది.

"నేనే," అన్నాడు మేస్త్రి, ఆ చెయ్యి పట్టుకుని. "నిద్రపోలేదు."