ముస్తఫా చేసిన తలుపు

నోటిదూల వల్ల చెడ్డవాళ్లను చాలామందిని చూశాను గానీ, అన్న మీది ప్రేమతో నోరు జారి చెడ్డవాణ్ణి రౌఫ్ ఒక్కణ్ణే చూశాను. అతని మీద నాకింకా కోపం తీరలేదు.

బాన్సువాడలో మా బ్యాటరీల దుకాణం పక్కదే అతని డెంటింగ్ షెడ్డు. సొట్టలు పడ్డ బండ్లను సాపు చేయడం అతనికి అన్న ముస్తఫా నేర్పాడు. ముస్తఫా చేతిలో రేకు రొట్టెపిండిలా లొంగేది. ఆయన గుండెపోటుతో పోయి చాలా ఏళ్లయింది. బాగుచేసిన జీపులూ లారీలూ ఒక్కొక్కటే తుక్కుకు పోయాయి. మిగిలింది ఒక్కటే, వర్నిలో రైస్‌మిల్లు వెంకట్రాములు గారి ఎర్ర స్పోర్ట్స్ కారుకున్న ఎడమ తలుపు.

రెండే సీట్ల ఆ పాత ఇంగ్లండు కారును ఆయన బొంబాయిలో మోజుపడి కొన్నారు. కాలువ గట్టు మీద ఎడ్లబండిని తప్పించబోయి చెట్టుకు గుద్దితే తలుపు నుజ్జయింది. అలాంటిది ఎక్కడా దొరకలేదు. ముస్తఫా మామూలు రేకు తెచ్చి, కుడి తలుపును చూసుకుంటూ, ఆ వానాకాలమంతా సుత్తితో కొట్టి ఎడమ తలుపు తయారుచేశాడు. సొట్టలు కప్పే లప్పం చిటికెడు కూడా పూయలేదు. దాన్ని చూడడానికే రౌఫ్ ఏదో సాకుతో వర్ని వెళ్లొస్తుండేవాడు. ఇంట్లో అన్న ఫోటో ఉంది కదా అంటే, ఫోటోలో ముఖమే ఉంది, చేతులు అక్కడున్నాయి అనేవాడు.

వెంకట్రాములు గారు పోయాక కొడుకు నగేశ్ కారును హైదరాబాద్‌లో హర్రాజుకు పెట్టాలనుకున్నాడు. విలువ కట్టేందుకు అక్కడినుంచి ఒకాయన వచ్చాడు. పాలిష్ పట్టడానికి రౌఫ్‌నూ, బ్యాటరీ బిగించడానికి నన్నూ పిలిచారు. విలువ కట్టే ఆయన ఇంజను నంబరు చూశాడు, రంగు కింద లప్పం ఉందేమోనని అయస్కాంతంతో కారు ఒళ్లంతా తడిమాడు, రంగు మందం కొలిచాడు. ఎడమ తలుపు దగ్గర అనుమానమే రాలేదు. మొత్తం ఒరిజినలే అని తేల్చాడు. నగేశ్ ముఖం వెలిగిపోయింది.

అక్కడితో ఊరుకుంటే ఏం పోయేది? రౌఫ్ గుడ్డ పక్కన పెట్టి ముందుకొచ్చాడు. నేను కళ్లతో వద్దంటూనే ఉన్నాను.

“సార్, గా తలుపు కంపెనీది కాదు. మా అన్న చేసిండు. జర మంచిగ చూడుండ్రి.”

ఆయన తలుపు లోపలి అట్ట విప్పించి, చెయ్యి పెట్టి సుత్తి దెబ్బలు తడిమి చూశాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. ఇంత మంచి చేతిపని తాను చూడలేదన్నాడు. రౌఫ్ కళ్లు తుడుచుకున్నాడు. ఆ ఒక్క మాట కోసమే ఇన్నాళ్లూ కాచుకున్నాడు పాపం. మెచ్చుకున్న నోటితోనే ఆయన, తలుపు ఒరిజినల్ కాదు, విలువ తగ్గించాల్సిందే అన్నాడు. నగేశ్ పళ్లు కొరికాడు.

హర్రాజులో కారు కొన్న పెద్దమనిషి మొదట చేసిన పని ఇంగ్లండు నుంచి అసలు తలుపు తెప్పించడం. సంగతి తెలిసి, పాత తలుపు అడిగి తెచ్చుకుందామని రౌఫ్ హైదరాబాద్ వెళ్లాడు. దాన్ని తుక్కువాడు ముక్కలు చేసి పట్టుకెళ్లాడని అక్కడి మెకానిక్కులు చెప్పారట.

తిరిగొచ్చి షెడ్డు ముందు కూలబడ్డాడు. తిట్టాలనే వెళ్లాను గానీ, ఆ ముఖం చూశాక పక్కన కూర్చున్నాను.

“అన్న పేరు నలుగురికి తెల్వాలనుకున్న,” అన్నాడు. “తెల్వకపోతే ఏమైతుండె? గా కారుకే ఉంటుండె. నేనే తీస్కపోయి తుక్కుల ఏసిన.”