పైపు అవతలి చివర

పాతబస్తీలో సగం ఇళ్లు నేనే కట్టాను.

ఈ మాట చాయ్ హోటల్లో అంటే ఎవరూ అడ్డు చెప్పరు. అక్కడ కూర్చునేవాళ్లంతా మిగతా సగం కట్టినవాళ్లే. కాగితం మీద పెట్టేసరికి మాత్రం నాకే కొంచెం ఇబ్బందిగా ఉంది. మొఘల్‌పురాలో నాలుగు గల్లీలు, వాటిలో కొన్ని ఇళ్లు. అవీ పూర్తి ఇళ్లు కావు. ఒకచోట పైఅంతస్తు, ఒకచోట వంటగది, చాలాచోట్ల బాత్రూములు. నిజానికి నేను ఎక్కువగా కట్టింది బాత్రూములే. కానీ నేను కట్టిన ఏ బాత్రూములోనూ నీళ్లు మూలకు నిలిచాయన్న మాట ఇంతవరకు వినలేదు. ఒకచోట విన్నాను. వాళ్లు తర్వాత ఇల్లు అమ్ముకుని వెళ్లిపోయారు కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోను.

ఇదంతా నేనొక్కణ్నే చేయలేదు. నాతో ఇంకో మేస్త్రి ఉండేవాడు. ప్లాస్టరు పనిలో అతని చెయ్యి పడితే గోడ పాలమీగడలా ఉండేది. నేను అతన్ని భాయ్ అనేవాణ్ని, అతను నన్ను మేస్త్రీ అనేవాడు. ఇద్దరికీ పెళ్లిళ్లు కాకముందు నుంచీ ఒకే పైపుకు చెరో చివర.

పైపు సంగతి చెప్పాలి. ఇంటి పనిలో అన్నిటికంటే ముందు కావాల్సింది లెవెల్. ఈ గదిలో గోడ మీది గుర్తూ, పక్క గదిలో గోడ మీది గుర్తూ ఒకే ఎత్తులో ఉండాలి. లేకపోతే గచ్చు ఒక పక్కకు జారుతుంది. దానికి మా దగ్గర వేలెడు లావు ప్లాస్టిక్ పైపు ఉండేది, లోపల ఏముందో బయటికి కనిపించే రకం. అందులో నీళ్లు పోసి, కాస్త నీలిమందు కలిపేవాళ్లం. ఒక చివర పట్టుకుని భాయ్ మొదటి గుర్తు దగ్గర నిలబడతాడు. రెండో చివర పట్టుకుని నేను పక్క గదిలోకి వెళ్తాను. నడిచేటప్పుడు నీళ్లు ఒలికిపోకుండా ఇద్దరం బొటనవేళ్లతో పైపు మూతులు మూస్తాం. చోటు చేరాక వేళ్లు తీస్తాం. నీళ్లు పైకీ కిందికీ ఊగి ఊగి ఆగుతాయి. అప్పుడు అతని చివర నీళ్లు ఎంత ఎత్తులో ఉన్నాయో నా చివర కూడా సరిగ్గా అంతే ఎత్తులో ఉంటాయి. అక్కడ పెన్సిలుతో గీత పెడతాను. మా విద్య అంతా అంతే.

ఆ నీళ్లు ఆగేదాకా చేసే పనేమీ ఉండదు. కదలకూడదు. పైపు వదలకూడదు. బీడీ ముట్టించడానికి కూడా చెయ్యి ఖాళీ ఉండదు. నోరొక్కటే ఖాళీ. అందుకని మా మాటలన్నీ అప్పుడే. అతను ఒక గదిలో, నేను ఇంకో గదిలో, మధ్యన గోడ. అతని కూతురికి బహదూర్‌పురాలో సంబంధం కుదిరిందని నేను విన్నది గోడ ఇవతలి నుంచే. నా భార్య కడుపులో గడ్డ ఉందని డాక్టరు చెప్పిన మాట నేను అతనికి చెప్పిందీ అలాగే. ముఖం చూసి చెప్పాల్సి వస్తే ఏదో ఒక పరాచికం ఆడి తప్పించుకునేవాణ్ని. గోడతో పరాచికం ఆడబుద్ధి కాలేదు. నా చివర నీళ్లు ఉలిక్కిపడినట్టు పైకి లేచి దిగాయి. అతని చెయ్యి అదిరిందని అలా తెలిసింది.

కాసేపటికి, "ఆగిందా మేస్త్రీ?" అన్నాడు.

"ఆగింది," అన్నాను. గీత పెట్టాను.

కరోనా వచ్చినప్పుడు ఆరడుగుల దూరంలో ఉండండి అని ఊరంతా మైకులు పెట్టి చెప్పారు. మేము జీవితమంతా ముప్పై అడుగుల దూరంలో ఉన్నవాళ్లం, మాకా చెప్పేది అనుకున్నాను. నవ్వు వచ్చింది. తర్వాత భాయ్‌కి జ్వరం వచ్చింది. నవ్వు పోయింది.

అతని కోసం ఆక్సిజన్ సిలిండరు నేను భుజాన వేసుకుని నయాపూల్ దాటించానని మా గల్లీలో చెప్పుకుంటారు. చెప్పుకునేలా చేసింది నేనే. సిలిండరు తెచ్చింది అతని అల్లుడు, స్కూటరు మీద. నేను చేసిందల్లా ఫ్లాస్కులో చాయ్ పోసుకుని వాళ్ల గల్లీ మొదట్లో కట్టిన కర్ర దగ్గర నిలబడటం. లోపలికి పోనివ్వలేదు. చాయ్ నేనే తాగేసి వచ్చాను.

అతను బతికాడు. ఊపిరి మాత్రం మునుపటిలా తిరిగి రాలేదు. కూతురు బహదూర్‌పురాకు తీసుకెళ్లి తన దగ్గరే ఉంచుకుంది. ఇక పని మాట ఎత్తొద్దని ఒట్టు వేయించుకుంది.

రోజూ ఫోన్ చేసుకునేవాళ్లం. మనవరాలు వీడియో కలిపి ఇచ్చేది. అతను ఫోన్ ఎలా పట్టుకునేవాడో గానీ నాకెప్పుడూ సగం నుదురు, పైన తిరిగే ఫ్యాను కనిపించేవి. పైపు దగ్గర ఎంతసేపైనా మాట్లాడకుండా ఉండేవాళ్లం, అది పనిలో భాగం. ఫోనులో ఒక్క క్షణం ఊరుకుంటే చాలు, "హలో, హలో, కట్టయిందా?" అని ఇద్దరం అరిచేవాళ్లం. ఆ అరుపులు అయ్యేసరికి చెప్పాలనుకున్నది గొంతులోనే ఉండిపోయేది.

పనులు మళ్లీ మొదలయ్యాయి గానీ పొద్దున్నే కూలీలు నిలబడే అడ్డా మునుపటిలా నిండలేదు. ఎవరికి ఎక్కడ పనో రాత్రే ఫోనులోకి మెసేజ్ వస్తోంది. పోయిన ఏడాది నాకు దొరికిన పని మొఘల్‌పురాలో ఒక పాత ఇంటి మీద కొత్త అంతస్తు. యజమాని నయాపూల్ దగ్గర స్టీలు సామాన్ల హోల్‌సేల్ సేఠ్. కరోనా అప్పుడు దుకాణంలో కూర్చునే ఇంటి రిపేరు చూసుకోవడం అలవాటైంది ఆయనకు. ఇప్పుడు ఇంటిమీదికి రానే రాడు. కర్రకు కెమెరా కట్టించాడు. గిరాకీతో మాట్లాడుతూనే నాకు ఫోన్ చేస్తాడు: "మేస్త్రీ, ఎర్ర అంగీ ఆయన ఎందుకు కూర్చున్నడు?" నేను కెమెరాకు దండం పెట్టి, "ఉచ్చకు పోయొచ్చి అలసిపోయిండు సేఠ్," అంటాను.

హాజరు కూడా ఫోనులోనే. పొద్దున్నే అందరం ముఖాలు చూపించాలి. సిమెంటు పడ్డ ముఖాన్ని అది గుర్తుపట్టదు. నన్ను మాత్రం మొదటి రోజే గుర్తుపట్టింది, అంత కళగల ముఖం కదా అని అందరితో అన్నాను. నాలుగుసార్లు ముఖం కడిగించుకున్నాక పట్టిందన్న సంగతి వాళ్లకు తెలుసు. మీకూ తెలియాలి.

ఆ పనికి ఇంజనీరు సేఠ్ మేనకోడలు. మంచి పిల్ల, నన్ను మేస్త్రీ అంకుల్ అంటుంది. గోడలు లేచాక, గచ్చు వేసే ముందు, నేను పైపు బయటికి తీశాను. అవతలి చివర ఎవరికి ఇవ్వాలా అని చూస్తున్నాను. ఆ అమ్మాయి సంచిలోంచి టిఫిన్ డబ్బా అంత పెట్టె ఒకటి తీసి మూడుకాళ్ల స్టాండు మీద పెట్టి మీట నొక్కింది. గది నాలుగు గోడల మీదా ఎర్రటి గీత. ఒక్కసారే. తలుపు సందులోంచి పక్క గది గోడ మీదికి కూడా పోయింది.

"అయిపోయింది అంకుల్," అంది.

"ఆగనీ అమ్మా," అన్నాను అలవాటుగా.

"ఏది ఆగాలి?"

ఆ గీతలో ఆగాల్సిందేమీ లేదు. నిజంగా బాగుంది ఆ పెట్టె. పొగరుకైనా వంక పెట్టలేకపోయాను.

సాయంత్రం భాయ్‌కి ఫోన్ చేశాను. చెప్పాల్సింది అదే, బాగుందని. నా నోటినుంచి వచ్చింది వేరు.

"భాయ్, ఆ మిషిన్ ఫెయిలైంది. ఆ గదికీ ఈ గదికీ రెండు వేళ్ల తేడా. ఇంజనీరమ్మ తల పట్టుకుంది."

ఫ్యాను పోయి మొదటిసారి అతని ముఖం మొత్తం కనిపించింది. "దో ఉంగ్లీ? సచ్చీ?"

"నీ మీద ఒట్టు. నీళ్ల పైపుతోనే చూడాలె అంటున్నరు. పట్టెటోడు లేడు. మొన్నటి పోరలకు దాని మూతి ఏదో తోక ఏదో తెల్వదు."

"మై ఆతూఁ కతే నా బేటీ మారతీ," అన్నాడు మెల్లగా, కూతురు వినకుండా. నేను వస్తానంటే కూతురు కొడుతుంది అని. కొడుతుందని చెప్పాడు గానీ రానని చెప్పలేదు. నాకు కావాల్సింది అదే. ఇంకొక్కసారి పైపు అవతలి చివర అతను ఉండాలి. అది తప్ప ఆ ఇంటి మీద నాకు ఇంకే ఆశా లేదు. మర్నాడు ఫోన్ చేసి తేడా మూడు వేళ్లు చేశాను. ఆ మర్నాడు సేఠ్ కళ్లనీళ్లు పెట్టుకున్నాడని చెప్పాను. సేఠ్ కళ్లలో నీళ్లు రావాలంటే స్టీలు ధర పడిపోవాలి.

శుక్రవారం నమాజుకు పోతున్నానని ఇంట్లో చెప్పి, నమాజు చేసుకుని, అక్కణ్నుంచి ఆటో ఎక్కి వచ్చేశాడు. తెల్లటి కుర్తాలో, టోపీతో, నా ముందు నిలబడ్డాడు. మెట్లు ఎక్కుతుంటే ప్రతి మెట్టు మీదా గోడకు చెయ్యి ఆనించాడు. ప్లాస్టరు చేయని ఇటుకలను తడుముతూ, "కోన్ జోడా యే? టేఢా హై," అన్నాడు, వంకరగా కట్టారని. నేనే కట్టాను. ఎవరో కుర్రాడు కట్టాడని చెప్పాను.

ఇంజనీరమ్మ కుర్చీ వేసింది. "పెద్దాయనెవరు అంకుల్?"

"లెవెల్ చూడనీకె వచ్చిండమ్మా."

"లెవెల్ కరెక్టుగానే ఉంది కదా?"

భాయ్ నా వైపు చూశాడు. నేను పైపులో నీళ్లు పోయడంలో మునిగిపోయాను.

ఇంజనీరమ్మ ఎర్ర గీతను బట్టి రెండు గదుల్లోనూ పెట్టిన గుర్తులున్నాయి. అతను మొదటి గదిలో గుర్తు దగ్గర నిలబడ్డాడు. నేను నా చివర పట్టుకుని పక్క గదిలోకి వెళ్లాను. నీళ్లు గుర్తుకు రెండు వేళ్ల పైన ఉన్నాయి.

"చూడమ్మా! రెండు వేళ్లు!" అని అరిచాను.

పాపం, పరుగెత్తుకొచ్చింది. ముఖం తెల్లబోయింది. "ఎట్లా అంకుల్? నిన్నే మళ్లీ చూశాను కదా!"

గోడ అవతలి నుంచి దగ్గు వినిపించింది. తర్వాత గొంతు: "మేస్త్రీ. నా దిక్కు నీళ్లు ఊపిరి తీస్తలేవు. నీ అంగూఠా తియ్యి."

నా బొటనవేలు పైపు మూతి మీదే ఉంది. మరిచిపోయానని అన్నాను. ఇన్నేళ్లలో ఎప్పుడైనా మరిచిపోయానా? లేదు. ఆ రోజు కూడా మరిచిపోలేదు.

వేలు తీశాను. నీళ్లు ఊగి, జారి, ఆ అమ్మాయి పెట్టిన గుర్తు దగ్గరికే వచ్చాయి. వెంట్రుకవాసి తేడా లేదు. ఆమె సిమెంటు బస్తా మీద కూలబడింది. "నా ప్రాణం పోయిందంకుల్!"

"బేటీ, ఈయన ఏం చెప్పినా సగం చేసుకొని వినాలె," అన్నాడు భాయ్ అవతలి నుంచి. "రెండు వేళ్లన్నప్పుడు ఒకటనుకున్న. మూడన్నప్పుడు అసలే లేదని తెలిసింది."

"తెలిసీ ఎందుకొచ్చినవ్ మరి?" అన్నాను.

సేఠ్ ఫోన్ చేస్తే ఆ అమ్మాయి నవ్వుకుంటూ కిందికి వెళ్లింది. పని అయిపోయినట్టే. అయినా నేను, "భాయ్, ఈ మూల కూడా ఒకసారి చూద్దాం," అన్నాను. అవసరం లేదని ఇద్దరికీ తెలుసు. "చల్," అన్నాడు. మూలకు వెళ్లి వేలు తీశాను.

ఈసారి నీళ్లు ఆగలేదు. అతని చేతి వణుకు నా చివరిదాకా వస్తోంది. మెట్లు ఎక్కిన ఆయాసం ఇంకా తగ్గలేదు కాబోలు, ఊపిరి తీసినప్పుడల్లా నీళ్లు కొంచెం లేస్తున్నాయి, వదిలినప్పుడల్లా దిగుతున్నాయి. నేను వాటినే చూస్తూ నిలబడ్డాను.

"ఇగ నాతోని కాదు మేస్త్రీ," అన్నాడు గోడ అవతలి నుంచి. "ఈ మాట ఫోన్ల చెప్దామని మస్తు సార్లు అనుకున్న. రాలె. గందుకే వచ్చిన."

"గట్లనెందుకంటవ్ భాయ్. చలికాలం పోతే..."

"నక్కో, వద్దు. చలికాలం ఏంది, ఎండాకాలం ఏంది. ఈ మెట్లు మల్ల ఎక్కలేను. బిడ్డకిచ్చిన ఒట్టు ఇయ్యాల ఒక్కసారి తప్పిన. ఇంకోసారి తప్పను."

నేను ఏదో అనాలి. నమాజు పేరు చెప్పి ఇల్లు దాటితే పుణ్యమా పాపమా అని ఏడిపించాలి. ఎదురుగా గోడ ఉంది, పరాచికం రాలేదు. గల్లీలో ఎవరో పాత ఇనుము కొంటామని అరుస్తూ పోయారు. ఆ అరుపు దూరమైంది. కాస్త కాస్తగా అతని ఊపిరి కుదుటపడింది. నీళ్ల ఊపు చిన్నదయి, ఇంకా చిన్నదయి, నిలిచిపోయింది.

"ఆగిందా?" అన్నాడు.

పెన్సిలు నా చెవి మీద ఉంది. తీయలేదు.

"లేదు భాయ్. ఇంకా కదులుతుంది."

"మేస్త్రీ, రెండు చివర్లల్ల ఒక్కటే నీళ్లు. నా దిక్కు ఆగినంక నీ దిక్కు ఎట్ల కదులుతది?"

కుర్చీ కాళ్లు శ్లాబు మీద గీరుకున్న చప్పుడైంది. పైపు వదలకుండానే కుర్చీని దగ్గరికి లాక్కుని కూర్చున్నట్టున్నాడు. నా చేతిలోని పైపు కొంచెం బిగుసుకుని మళ్లీ వదులైంది.

"సరే," అన్నాడు. "హిల్నే దే. కదలనీ."