డౌటు తాత వేషం ఎవరిది?

నిన్న పొద్దున మా వాట్సాప్ గ్రూపులో మెసేజ్. "మన కుర్మయ్య ఇక లేడు."

నేను నమ్మలేదు.

ఎట్లా నమ్మేది? ఆ గ్రూపు ఇప్పటికే బతికున్న ఇద్దరు నటులకు దండలు వేసింది. పైగా ఇతను కమెడియన్. ఏదో కొత్త స్కిట్‌కి పబ్లిసిటీ అనుకున్నాను.

ముగ్గురికి ఫోన్ చేశాను. ముగ్గురూ నిజమే అన్నారు. ముగ్గురూ ఒకే మాట అనేసరికి నాకు అనుమానం ఇంకా పెరిగింది.

చివరికి బండి తీసి మక్తల్ వెళ్లాను. అతని ఇంటి ముందు టెంటు చూశాకే నమ్మాను.

హార్ట్ ఎటాక్ అట.

టీవీ కామెడీ షోలో మీరంతా "డౌటు తాత"గా చూసిన కుర్మయ్య నాకు బడి నుంచీ దోస్తు. ఒకరినొకరం బావా అని పిలుచుకునేవాళ్లం. జాతర నాటకాలతో మొదలుపెట్టాడు. రాజూ రాణీ లోపల వేషం మార్చుకునేంతసేపు జనం లేచిపోకుండా నవ్వించడం అతని డ్యూటీ. ఆ పది నిమిషాల కోసమే జనం వచ్చేవాళ్లు. రాజు వేషం వేసేవాడికి కడుపుమంట, పాపం.

అతనికో పద్ధతి ఉండేది. ఏ ఊళ్లో నాటకమైనా ఒకరోజు ముందే వెళ్లి చాయ్ హోటల్లో కూర్చునేవాడు. ఆ ఊరి మనిషినొకరిని ఎంచుకుని నడక, దగ్గు, మీసం దువ్వడం అన్నీ పట్టేసేవాడు. తర్వాత ఆ మనిషి ఇంటికే వెళ్లి, చేతిలో ఆకువక్క పెట్టి, "రేపు స్టేజీ మీద నిన్ను ఆడుతున్నా, పెద్దమనిషీ, కోపానికి రావద్దు" అనేవాడు.

ఆకువక్క తీసుకుంటే ఒప్పుకున్నట్టు. తిట్టి పంపిస్తే ఇంకొకరిని వెతుక్కునేవాడు.

ఆలంపూర్ దగ్గర ఒక ఊళ్లో అట్లా ఒప్పుకున్న ముసలాయన మధ్యలో స్టేజీ ఎక్కేశాడు. "నేను గట్ల నడుస్తనా? గిట్ల గద!" అని తనే నడిచి చూపించాడు. ఆ రోజు రాజుగారు బయటికి వచ్చినా ఎవరూ చూడలేదు.

తెలంగాణ వచ్చిన కొన్నాళ్లకు టీవీ వాళ్లు పిలిచారు. డౌటు తాత పుట్టాడు. ఇంటికి తాళం వేస్తాడు, గుంజి చూస్తాడు, నాలుగడుగులు వేసి మళ్లీ వచ్చి గుంజుతాడు. బస్సు మీద బోర్డు ఉన్నా ముగ్గురిని అడిగి గానీ ఎక్కడు.

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ తాళం గుంజడం మా బాపుది. బాపు పోయి అప్పటికి మూడు నెలలే.

ఫోన్ చేసి నిలదీశాను. "మా బాపుకు ఆకువక్క ఇచ్చినవా?"

"ఇయ్యలేదు బావా. అది మీ బాపు కాదు."

"మరెవరు?"

"చెప్తే నమ్మవు" అని నవ్వాడు.

ఆ నవ్వుకే నాకు మండింది. పోయిన మా బాపును అమ్ముకుంటున్నాడు అనుకున్నాను. ఐదేళ్లు మాట్లాడలేదు. దసరాకు అతను ఫోన్ చేస్తే, నాతో ఏదో అవసరం పడిందిలే అని ఎత్తలేదు.

నిన్న అతని భార్య మణెమ్మ పక్కన కూర్చున్నాను. చావింట్లో అడగకూడని మాట, ఉండబట్టలేక అడిగాను. "చెల్లె, ఆ తాత మా బాపే కదా?"

ఆమె ఏడుపు ఆపి నన్ను చూసింది. "నువ్వేనన్నా. హైదరాబాద్ పోయే ముందట నీ చేతుల్నే గద ఆకువక్క పెట్టిండు."

గుర్తొచ్చింది. మా ఇంటికి వచ్చి పెట్టాడు. అతను నోరు తెరిచేలోపే "నాతోని ఏం పని పడ్డది?" అని అడిగాను. చెప్పబోయింది మింగి నవ్వాడు. నేను ఆకును అటూ ఇటూ తిప్పి చూసి, వేసుకున్నాను. అతని పద్ధతి నాకంటే బాగా ఎవరికి తెలుసు? అయినా తట్టలేదు.

నమ్మబుద్ధి కాక బయటికి వచ్చాను. బండి తాళం ఒకసారి చూసుకున్నాను. నాలుగడుగులు వేసి మళ్లీ చూసుకున్నాను. మూడోసారి వెనక్కి తిరిగేసరికి టెంటు కింద ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఉన్నారు. మణెమ్మ కూడా నవ్వుతోంది, ఏడుస్తూనే.

బావా, ఐదేళ్లు నిన్ను దొంగను చేశాను. నీ ఒక్క ఫోన్ ఎత్తి ఉంటే అయిపోయేది. ఆ తప్పు నాది.

పోయిన చోట కూడా నన్నే ఆడు. ఎంతమంది నవ్వినా నాకు సమ్మతమే.

ఇక అలసట తీర్చుకో కుర్మయ్యా. నీ ఆత్మ చల్లగా ఉండాలి.