బెల్లానికి పట్టిన చెమట

వానకోటు జేబులోంచి పాత బెల్లం వాసన వస్తోంది. ఉగాది ముందు అల్మారా సర్దుతుంటే చేతికి తగిలింది ఈ కోటు. ఇంగ్లండులో కొన్నాను. కౌంటరు దగ్గరి అమ్మాయి ధర చెప్పి నవ్వింది, నేను అందులో సగం చెప్పి నవ్వాను, ఆమె మళ్లీ అదే ధర చెప్పి ఇంకా బాగా నవ్వింది; నారాయణఖేడ్ బజారులో బేరాల మధ్యే పుట్టి పెరిగిన నేను అడిగినంతా ఇచ్చి తొడుక్కుని వచ్చాను. జేబు అడుగున గుడ్డ ఇంకా బంకబంకగానే ఉంది. వాసన ముక్కుకు తగలగానే మా నాయన కిరాణా దుకాణమూ, గడప పక్కన బెల్లం ముద్దల నడుమ కూర్చున్న మా అక్కా గుర్తుకొచ్చారు.

చలి వెనక్కి తగ్గి ఎండలు ఇంకా ముదరని రోజుల్లో మా దుకాణంలో అన్ని వాసనలూ ఒకదానిమీద ఒకటి పడి పొర్లాడేవి. కొత్త చింతపండు పులుపు, గోనెసంచుల దుమ్ము, హోళీకి మోదుగుపూలు నానబెట్టిన గాబు నీళ్లు, వెనకింట్లో అమ్మ కాలుస్తున్న పోలెల మీద కరిగే నెయ్యి. ఊరి చుట్టూ కళ్లాలలో జొన్నకంకులూ శనగ కుప్పలూ ఆకాశం కింద పరుచుకుని ఉండేవి. ఏడాది కష్టమంతా అలా బయట పడి ఉన్నప్పుడే మాయదారి మబ్బు ఎటునుంచో వచ్చేది. అందుకే సంతరోజు కంగ్టి నుంచో కల్హేర్ నుంచో వచ్చిన రైతు ఉప్పూ నూనే అడగకముందు మా అక్కను అడిగేవాడు.

"ఏమంటున్నది బిడ్డా బెల్లం?"

ఒక ముద్దను అక్క ఎప్పుడూ గోనె కప్పకుండా గడప దగ్గర ఉంచేది. దాని అడుగున వేళ్లు పెట్టి, కళ్లు మూసుకుని చెప్పేది. పొడిగా ఉంటే భయం లేదు. తడి తగిలితే వాన.

"చెమట వట్టింది కాకా. జల్దీ వొయ్యి కుప్ప మీద తాడ్‌పత్రి గప్పు."

"బెల్లం ఊకెనే చెప్తది గాని," అని నాయన గల్లాపెట్టె దగ్గర నుంచి అందుకునేవాడు, "తాడ్‌పత్రి మాత్రం మా దగ్గర్నే కొనాలె."

ఆ రైతు నాయనను తిట్టుకుంటూనే కొనేవాడు, సాయంత్రానికి వాన వచ్చేది. పరికిణీ కట్టుకునే వయసులోనే అక్క చేతికి బజారంతా అంత విలువ ఉండేది. మా ఇంట్లో ఆ చేతి మాట కాదని ఎవరూ గడప దాటలేదు. రాళ్లవాన పడితే మేమిద్దరం ఇత్తడి గిన్నె పట్టుకుని వాకిట్లోకి ఉరికేవాళ్లం. ఏరుకొచ్చిన రాళ్ల మీద అక్క బెల్లం తురిమితే పళ్లు జివ్వుమనేదాకా నమిలేవాళ్లం. మేమలా నవ్వుతుంటే నాయన మాత్రం తలుపు పట్టుకుని నిలబడి, ఏ కళ్లం మునిగిందోనని ఆకాశం వైపు చూసేవాడు.

బెల్లం ముద్దల పైన గోడకు ఒక క్యాలెండరు ఉండేది. ఏదో బిస్కెట్ల కంపెనీ ఏజెంటు ఇచ్చాడు. తెల్లటి సున్నపు కొండ, దాని కింద నీలం సముద్రం. ఏడాది అయిపోయినా అక్క దాన్ని తీయనివ్వలేదు. అది ఇంగ్లండని బడిలో మా పంతులు చెప్పాడు. అక్క పొద్దంతా దాని కిందే కూర్చునేది.

రెండేళ్ల కిందట పట్నం దవాఖానలో అక్క కళ్లు చూసి, చూపు అంచుల నుంచి చీకటి కమ్ముకొస్తోందనీ, పోయింది తిరిగి రాదనీ చెప్పారు. మబ్బు వెలుతురులో ఆమెకు అప్పటికే ఏమీ ఆనడం లేదు. ఎండ ఉంటేనే ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది. ఇంటికొచ్చాక ఒక్క మాటే అడిగింది. "గా క్యాలెండర్ల సముద్రం ఒక్కపారి సూపియ్యి తమ్మీ."

టూరు ఏజెంటుతో నేను బేరమాడాను. ఎండాకాలం టికెట్లు పిరమన్నాడు, ఏప్రిల్ అయితే తగ్గిస్తానన్నాడు. ఏప్రిల్ అంటే అక్కడ వసంతమే కదా అని నేను మీసం తిప్పుకున్నాను. వాడు నాకంటే మంచి దుకాణదారు.

అక్కడ ఒక్క పూటలోనే ఎండా, జల్లూ, గాలీ, మళ్లీ ఎండా. స్వెట్టరు వేసుకుంటే చెమట, విప్పితే వణుకు. ఏ మబ్బుకూ మాట మీద నిలకడ లేదు. సముద్రం ఒడ్డు ఊళ్లో మా బసలో అక్క రోజూ పొద్దున్నే తను వెంట తెచ్చుకున్న బెల్లం ముద్ద అడుగున వేళ్లు పెట్టేది.

"ఇయ్యాల గూడ వద్దు. గట్టి వాన ఉన్నది."

చిన్నప్పటి అలవాటు, నేను ఎదురు చెప్పలేదు. ఇద్దరం గదిలోనే కూర్చున్నాం. ఒకరోజు పొద్దుగూకేదాకా ఎదుటి గోడ మీద ఎండ కాసింది, ఒక్క చుక్క పడలేదు. బస నడిపే ముసలామె టీ తెచ్చి, ఇంత మంచి రోజు మళ్లీ రాదు, బయటికెందుకు పోలేదని అడిగింది. సంగతి చెబితే, ఇక్కడి గాలి ఎప్పుడూ తడిగానే ఉంటుంది, మా డబ్బాలో చక్కెర కూడా గడ్డ కడుతుందంది. నేను అక్కకు తెలుగులో చెప్పాను. అక్క తన వేళ్ల వైపు చూసుకుంది.

"ఇన్ని దినాలు నా చెయ్యే మనల ఆపింది తమ్మీ."

మిగిలింది తిరుగు ప్రయాణానికి ముందు రోజు ఒక్కటే. బెల్లాన్ని అడగకుండా బస్సెక్కాం; ఒక ముక్క మాత్రం నేను వానకోటు జేబులో వేసుకున్నాను. దారి పొడుగునా ఎండ కాసింది. కొండ మీద దిగేసరికి సముద్రం మీంచి పొగమంచు లేచి కొండనూ నీళ్లనూ నన్నూ ఒకే తెలుపులో ముంచేసింది.

"సముద్రం ఏ దిక్కున్నది?"

నేను చేయి పట్టి చూపించాను. అక్క ఆ దిక్కుకే తిరిగి నిలబడింది. ఇంతలో టపటపా రాళ్లవాన మొదలైంది. అక్క దోసిలి పట్టి, ఒక రాయి నోట్లో వేసుకుంది. నేను జేబులోంచి బెల్లం తీయబోతే అది కరిగి గుడ్డకు అంటుకుపోయింది. "ఉండనీ," అంది.

ఇప్పుడు ఎండలోనూ అక్కకు వెలుగు మాత్రమే తెలుస్తుంది, మనిషి తెలియడు. బెల్లం అట్టపెట్టెల్లో ప్లాస్టిక్ చుట్టుకుని వస్తోంది, దానికి చెమట పట్టదు. సంతకు వచ్చేవాళ్లెవరూ ఆమెను ఏమీ అడగరు. ఇందాక కోటు ఉతికి తెచ్చి, ఆరేద్దామా అన్నట్టు ఆమె చేతికిచ్చాను. జేబు లోపల వేళ్లు పెట్టింది, కళ్లు మూసుకుంది.

"ఏమంటున్నదక్కా?"

చెయ్యి తీసి కొంగుకు తుడుచుకుంది.

"నీ ఫోన్ల సూడు."

ఫోన్‌లో ఎండ బొమ్మ ఉంది. కోటు దండెం మీద వేసి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాను. ఇప్పుడు రేకుల మీద చినుకులు పడుతున్నాయి. ఇద్దరం వింటున్నాం. కోటు తీసుకురమ్మని ఆమె అనలేదు, నేనూ లేవలేదు.