సుడులు అడిగిన మా బావ

మా బావ పోయి పదిహేను రోజులైంది. నిరుటి నుంచి గుండెలో నొప్పి అంటూనే తిరిగాడు, చివరికి నాంపల్లిలో ఇంటి మెట్లెక్కుతూ కూలిపోయాడు. కబురు తెచ్చినవాడు ఆబిడ్స్‌లో నా బట్టల దుకాణం దొరకక అరగంట తిరిగాడట. ఆ అరగంటా నేను గిరాకీతో నవ్వుతూ బేరమాడుతున్నాను. తలచుకుంటే ఒకచోట కూర్చోబుద్ధి కావడం లేదు.

ఆయనదీ అదే గుణం. చాయ్ నిలబడే తాగేవాడు. "జర కూసోని తిను, అన్నం ఎటూ ఉరకదు" అని అక్క రోజూ పోరేది.

బావ నాంపల్లిలో ఒక సర్కారు దఫ్తరులో గుమాస్తా. దొడ్డరోగంతో పల్లెల్లో పశువులు పోయిన ఏడు, వాటికి సర్కారు సాయం ఇచ్చింది. దరఖాస్తులు రాసుకోవడం ఈయన పని. లేని పశువును చచ్చిందని చెప్పేవాళ్లూ వచ్చేవారు. వాళ్లను పట్టడానికి, పశువు ఒంటి మీద వెంట్రుకల సుడులు ఎక్కడెక్కడ ఉన్నాయో అడిగేవాడు. "పెంచినోడు ఏదన్న మరుస్తడు గని సుడి మరువడు" అనేవాడు. ఆ పద్ధతి మీద ఆయనకు కాస్త గర్వం. "అక్కను గూడ సుడులు చూసే చేసుకున్నవా బావా?" అని నేను ఏడిపించేవాణ్ణి.

ఒకరోజు మొగుడు పోయిన మనిషి ఒకామె వచ్చింది. ఉన్న ఒక్క ఆవు పాలమ్ముకుని ఇద్దరు పిల్లల్ని సాకేది, ఆ ఆవే పోయింది. ఆమె ఊరివాళ్లంతా దఫ్తరు వరండాలో వరసకట్టి వింటుండగా బావ అడిగాడు. నుదుట ఒక్కటే సుడి అందామె. రాసుకుని వేలిముద్ర తీసుకున్నాడు. నెల తిరక్కుండా దరఖాస్తు కొట్టేశారు. ఊళ్లో పశువులకు సూదిమందు వేసినప్పటి పుస్తకంలో ఆ ఆవుకు వీపు మీద ఇంకో సుడి ఉందట. దొంగ దరఖాస్తని తేల్చేశారు.

బావ ఆ వారమంతా సరిగా తినలేదు. "అబద్ధమాడే మనిషి గాదురా. మరెందుకు చెప్పలే?" అని నన్ను పదిసార్లు అడిగాడు. ఆదివారం నన్నూ లాక్కుని ఆమె ఊరికి రైలెక్కాడు.

ఖాళీ కొట్టం ముందు ఆమె తల ఎత్తలేదు. "వీపు మీది సుడి మంచిది గాదంటరు సారూ. తెలిస్తే గదే నా మొగుణ్ణి మింగిందంటరు. ఊరోళ్లందరి ముంగట ఎట్ల జెప్త?" అంది.

"గంతమంది ముంగట అడిగింది నేను. తప్పు నాదే" అన్నాడు బావ, తిరుగు రైల్లో. మర్నాడే, ఆమె రెండు సుడులూ చెప్పిందనీ, ఒకటి రాయడం తానే మరిచాననీ రాసిచ్చాడు.

"నౌకరీ పోతే?" అన్నాను మండిపడి.

"పోతే నీ దుకాణంల బట్ట కొలుస్త."

నౌకరీ పోలేదు, రావలసిన ప్రమోషన్ పోయింది. ఆమెకు సాయం మంజూరైంది. అక్క నెలరోజులు ఆయనతో సరిగా మాట్లాడలేదు. నాకూ కోపమే వచ్చింది, ఇప్పుడు దానికి సిగ్గుపడుతున్నాను. ఆ తర్వాత బావ ఎవరినీ వరండాలో అడగలేదు. ఒక్కొక్కరినీ పక్కకు తీసుకెళ్లి చెవిలో చెప్పించుకునేవాడు.

బావ పోయిన ఐదో రోజు పొద్దున గుమ్మంలో ఒక మనిషి నిలబడింది. ఆమే. చేతిలో గుడ్డ కట్టిన ముంత.

"సారు ఉన్నడా? సాయం పైసలతోటి కొన్న పెయ్య నిన్న ఈనింది. జున్నుపాలు. ముందుగాల సారుకిచ్చినంకనే పిల్లలకని తెచ్చిన."

అక్కే లేచి వెళ్లి, విషయం చెప్పి, ముంత అందుకుంది. మైల ఇంట్లో తీపి వండకూడదని మా మేనత్త అడ్డుపడింది. "ఆయనకొచ్చిన పాలత్తా, పారబోస్తనా?" అని అక్క పొయ్యి ముట్టించింది. ఇల్లంతా బెల్లం, యాలకుల వాసన.

మొదటి ముక్క ఆమె చేతిలోనే పెట్టి, "మీ సారు ఉంటే తినేటోడు. నువ్వు తినమ్మా" అంది అక్క. ఆ ముక్కను తినలేక, కింద పెట్టలేక, ఆమె అరచేయి చాచి అలాగే ఉండిపోయింది.